చుక్క పెట్టాక చెయ్యే నడుస్తుంది

ఫోన్లో మాట్లాడుతూ కాయితం మీద గీకే పిచ్చిగీతలకి ఈమధ్య గౌరవం పెరిగింది. డూడ్లింగ్ అని పేరు పెట్టి, మనసు కుదుటపడాలంటే తోచినట్టు గీయమంటున్నారు. చిక్కంతా అక్కడే. ఖాళీ కాయితం ముందు కూచుంటే చాలామందికి ఏమీ తోచదు, పైగా బెంగ పట్టుకుంటుంది. మన మెలికల ముగ్గుతో ఆ ఇబ్బంది లేదు. గీత ఎటు పోవాలో చుక్కలు ముందే తేల్చేస్తాయి.

2009లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఫోను సందేశం ఒకటి వినిపించారు. వింటూ గీసినవాళ్ళకి మిగతావాళ్ళకన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది. అయితే వాళ్ళు తోచినట్టు గీయలేదు, అచ్చేసి ఇచ్చిన ఆకారాల్ని నింపారు. ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

నెలగంట పెట్టింది మొదలు, పక్కింటి ముగ్గుతో తాడు కలిపే కనుమనాటి రథం ముగ్గు దాకా మన వాకిళ్ళలో జరిగేదీ అలాంటి పనే. కళ్ళాపి చల్లాక నేల కాస్త ఆరనివ్వాలి. నీళ్ళు నిలిస్తే గీత చెదురుతుంది, మరీ ఎండితే పిండి గాలికి లేస్తుంది. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నిదానంగా జారుస్తూ పోవాలి. చెయ్యి ఆగిందా, అక్కడ కుప్ప పడుతుంది. అందుకే ఆగి ఆలోచించడానికి వీల్లేదు, తొందరపడడానికీ వీల్లేదు.

చుక్కలకీ ఒక లెక్క ఉంది. '15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు' అంటే వేసేవాళ్ళకి మొత్తం తెలిసిపోతుంది: నడిమి వరసలో 15, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ సందుల్లో పెట్టుకుంటూ పోవడం. ఎదురు చుక్క అయితే చుక్కకి సూటిగా చుక్క.

అసలు రుచి మెలికలో ఉంది. వరసకి 3 చుక్కలు చొప్పున 2 వరసలు పెట్టండి. పక్కపక్క చుక్కల మధ్య నుంచి గీత ఏటవాలుగా పోవాలి, అంచు చేరితే చుక్కని చుట్టి తిరగాలి. బయల్దేరిన చోటికి వచ్చేసరికి ఆరు చుక్కలూ గూళ్ళలో ఉంటాయి, చెయ్యి ఎత్తకుండానే. ఇంకో వరస చేర్చి 3 చేస్తే మాత్రం ఒక గీతతో తెమలదు, మూడు కావాలి. వరసల సంఖ్యకీ వరసలోని చుక్కల సంఖ్యకీ గ.సా.భా. ఎంతో, అన్ని గీతలు. బడిలో ఈ ముక్క ఏ మాస్టారైనా చెప్పి ఉంటే లెక్కలంటే అంత భయం ఉండేది కాదేమో! చెయ్యి తిరిగినవాళ్ళు ఎక్కడో ఒక సందులో గీతలు దాటకుండా మళ్ళించి, రెంటిని ఒకటి చేసేస్తారు. ఇలాంటి ముగ్గుల నియమాల మీద మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ 1974లో పరిశోధన పత్రం రాశారు. తమిళుల ముగ్గయిన కోలాన్ని వాళ్ళు కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణంలోకి తెచ్చారు.

గడప ముందు అంటించే ముగ్గు స్టిక్కర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి. చేతికి పనే ఉండదు. సంక్రాంతి పోటీలూ నాకంతగా నచ్చవు. గడియారం పెట్టి, రంగులకి మార్కులేస్తే నిదానం ఎక్కడిది?

వాకిలి లేనివాళ్ళకి గళ్ళ కాయితం, పెన్ను చాలు. 2 వరసలు, 3 చుక్కలతో మొదలుపెట్టి, 3 వరసలు, 4 చుక్కలకి పోవచ్చు. ఎక్కడైనా తప్పితే వెతుక్కోవడమూ తేలికే: ఏ చుక్క చుట్టూ గూడు మూసుకోలేదో అక్కడే గీత దారి తప్పినట్టు.