నౌకరుకు దక్కిన డేగ

ఇంగ్లండులో బొగ్గుగనుల ప్రాంతమైన బార్న్‌స్లీ పరిసరాల్లో పుట్టిపెరిగిన రచయిత బారీ హైన్స్ (1939–2016). ఆయన 1968లో ప్రచురించిన ‘ఎ కెస్ట్రెల్ ఫర్ ఎ నేవ్’ నవలలోని డేగ స్వేచ్ఛకు ప్రతీక అనడం పరిపాటి. ఈ వ్యాఖ్యానంలో సగమే నిజముంది.

నవల పేరులోనే వర్గం ఉంది. ఏ హోదాకు ఏ పక్షి అని మధ్యయుగాల ఇంగ్లండు రాసుకున్న వరుసలో చక్రవర్తికి గరుడపక్షి, నౌకరుకు కెస్ట్రెల్ అనే చిన్న డేగ.

బిల్లీ కాస్పర్ బడి వదలబోతున్న కుర్రాడు. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. తల్లి పట్టించుకోదు. గనిలో పనిచేసే అన్న జడ్ తన కసినంతా తమ్ముడిపై తీర్చుకుంటాడు. బడిలో బెత్తం. ఏడవడానికి గాని, ప్రేమించడానికి గాని బిల్లీకి చోటు లేదు. అతని మౌనం పుట్టుకతో వచ్చింది కాదు, పరిస్థితులు నేర్పింది.

అటువంటివాడు ఒక పుస్తకం దొంగిలించి, చదివి, డేగకు శిక్షణ ఇస్తాడు. దాని కాళ్లకు తోలుపట్టీలు, పట్టీలకు తాడు. మాంసం కోసం అది అతని చేతిమీదికి వస్తుంది. అంటే డేగ కూడా కట్టుబడినదే! మరి స్వేచ్ఛ ఎక్కడ? బిల్లీ నేర్చుకున్న పనిలో. ఫార్థింగ్ మాస్టారు తరగతిలో మాట్లాడమన్నప్పుడు, తన దుఃఖం గురించి నోరు విప్పలేని కుర్రాడు ఆ పనిని మెట్టు మెట్టుగా వివరిస్తాడు. అణచివేయబడిన హృదయానికి శ్రమే భాషను ఇచ్చింది. బడి శిక్షణ లొంగుబాటును కోరితే, డేగ శిక్షణ నేర్పేవాడి నుండి ఓర్పునూ గౌరవాన్నీ కోరింది.

పాఠకుడి కళ్లెదుటకు ఎన్నడూ రాని మరో జంతువు ఈ నవలలో ఉంది: పందెపు గుర్రం. జడ్ పందెం కాయమని ఇచ్చిన డబ్బును బిల్లీ ఖర్చు చేస్తాడు. గుర్రాలు గెలుస్తాయి. చేజారిన సొమ్ముకు బదులుగా జడ్ డేగను చంపుతాడు. చీటీ మీద పేర్లుగా, డబ్బుగా మాత్రమే మిగిలిన జంతువులు ప్రాణమున్న పక్షిని బలిగొన్నాయి.

ఇందులో సంఘటిత పోరాటం లేదని మన మిత్రులు ఆక్షేపించవచ్చు. నిజమే, లేదు. కాని గని మీద తిరగవలసిన కార్మికుని ఆగ్రహం తమ్ముడి పక్షిపై పడటాన్ని హైన్స్ ఏ ఓదార్పూ లేకుండా చూపాడు. జడ్‌ను దుర్మార్గుడని తీర్మానించి ఊరుకునే పాఠకుడు నవలను సగమే చదివినట్టు.

మన రచయితలకు ఇందులో పాఠముంది. కథలో పంజరమూ చిలుకా పెట్టినంత మాత్రాన ప్రతీక పుట్టదు. ఆ చిలుకకు గింజలు ఎవరు తెస్తున్నారో, ఏ కూలి డబ్బుతో తెస్తున్నారో కూడా రాయాలి.