బ్యారక్‌లో మొదలైన తర్జుమా: హెన్రీ మార్టిన్ – ఒక పునఃపరిశీలన

హెన్రీ మార్టిన్ (1781–1812) మన ప్రసంగాల్లో ఎక్కువగా ఒకే రూపంలో కనబడతాడు. కేంబ్రిడ్జిలో గణితంలో ప్రథముడు, ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్‌ను విడిచి ఓడ ఎక్కినవాడు, ముప్పై ఒకటవ ఏట తోకాత్‌లో తనవారెవరూ లేకుండా కన్నుమూసిన దైవజనుడు. 1819లో జాన్ సార్జెంట్ ప్రచురించిన జీవితచరిత్ర ఈ చిత్రాన్ని స్థిరపరచింది. దానికి ప్రధానాధారం మార్టిన్ దినచర్య గ్రంథం. అందులో ఆత్మపరీక్ష, కన్నీటి ప్రార్థన నిండుగా ఉన్నాయి. అయితే ఆ భక్తుని వెనుక అనువాదకుడు కనుమరుగయ్యాడన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మార్టిన్ మిషనరీ సంఘం పంపగా రాలేదు. ఈస్టిండియా కంపెనీ జీతం పుచ్చుకొనే చాప్లెయిన్‌గా వచ్చాడు. దారిలో, 1806 జనవరిలో, ఆంగ్ల సేన కేప్ కాలనీని జయించిన బ్లావ్‌బర్గ్ యుద్ధభూమిలో గాయపడినవారి మధ్య నడిచాడు. అదే సంవత్సరం జూలైలో వేలూరు సిపాయిల తిరుగుబాటు జరిగింది. స్వదేశీయులకు సువార్త అనగానే కంపెనీ అధికారులు ఉలిక్కిపడే కాలమది. పాట్నా దగ్గరి దీనాపూర్ దండులో ఆయనకు అప్పగించబడినది తెల్ల సైనికుల ఆరాధన, ఆసుపత్రి సందర్శన, భూస్థాపన కార్యక్రమాలు.

కాని ఆ బ్యారక్‌లలో సైనికులతో కాపురముంటున్న హిందుస్తానీ స్త్రీలు ఉన్నారు. ఆంగ్ల ఆరాధన వారికి అర్థం కాదు. ప్రార్థన గ్రంథంలోని భాగాలను వారి మాటల్లోకి తర్జుమా చేసి, 1807 మార్చిలో వారికోసం ఆరాధన ప్రారంభించాడు. క్రొత్త నిబంధనను హిందుస్తానీలోకి అనువదించమని కలకత్తా నుండి డేవిడ్ బ్రౌన్ కోరినది ఆ తరువాతనే. కాబట్టి చాప్లెయిన్ పనిని అనువాదానికి ఆటంకంగా చిత్రించడం సరికాదు. చదువురాని ఆ వినికిడివారే అనువాదకునికి మొదటి పరీక్షాధికారులు.

పారసీ అనువాదం విషయంలో ఈ పాఠం ఆయనకే మరుపు వచ్చినట్లుంది. ఆ పని అరబ్బు పండితుడైన సబాత్ చేతిలో పెట్టాడు. ఈ సబాత్ మన విశాఖపట్నంలో కంపెనీ న్యాయస్థానంలో ఇస్లాం ధర్మశాస్త్రాధికారిగా పనిచేసి, మద్రాసులో బాప్తిస్మము పొందినవాడు. పండితుడే, సందేహం లేదు. కాని గర్విష్ఠి, కోపిష్ఠి. మార్టిన్ చాలా కాలం అతని పాండిత్యాన్ని సమర్థించాడు. చివరకు ఆ పారసీ అరబ్బీ పదాలతో బరువెక్కిందనీ, సామాన్యునికి అందదనీ కలకత్తాలో తేల్చారు.

సార్జెంట్ చదువరి ఈ నిరాకరణను త్వరగా దాటిపోతాడు. నా దృష్టిలో మార్టిన్ జీవితంలో కీలక ఘట్టం ఇదే. క్షయవ్యాధితో ఉన్న మనిషి, సంవత్సరాల శ్రమ పనికిరాదన్న తీర్పును అంగీకరించి, 1811లో షీరాజ్ చేరి పని మళ్లీ మొదటినుండి ఎత్తుకున్నాడు. అక్కడి మీర్జా సయ్యద్ అలీ ప్రక్కన కూర్చొని 1812 ఫిబ్రవరికి క్రొత్త నిబంధన ముగించాడు. సయ్యద్ అలీ క్రైస్తవుడు కాడు. ప్రతి వచనం దగ్గర ప్రశ్నించేవాడు. ఆ ప్రశ్నలే అనువాదాన్ని శుద్ధి చేశాయి. అది 1815లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయింది. హిందుస్తానీ క్రొత్త నిబంధన అంతకు ముందే, 1814లో, శ్రీరాంపూర్‌లో వెలువడింది. దానిని సరిచూచినవాడు మీర్జా ఫిత్రత్. అయినా ఈ రెండింటినీ మనం “మార్టిన్ అనువాదం” అనే అంటాం.

విశాఖలో అదే సంవత్సరాల్లో అగస్టస్ డే గ్రాంజెస్ ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేస్తున్నాడు. ఆయన 1810లో మరణించాడు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తెలుగు బైబిలు చరిత్ర చెప్పేటప్పుడు మన సెమినరీల్లో డే గ్రాంజెస్ పేరు పలుకుతాం. ఆనందరాయర్ ఏ మాటను ఎందుకు ఎంచుకున్నాడో, ఏ మాటను వద్దన్నాడో వెదకే పరిశోధన విద్యార్థి కోసం ఆ పుటలు ఇంకా ఎదురుచూస్తున్నాయి.