రెక్క పీకేశారట!

పోయిన ఆదివారం తెల్లారేసరికి ఫోన్లో డాలస్ నుంచి మావాడి ఫొటో. మావాడంటే పాత పాఠకులకు తెలుసు, మా అన్నయ్య కొడుకు, కార్ల పిచ్చోడు. ఫొటోలో ఎర్రటి లాంబోర్గిని కౌంటాష్. 1980ల నాటిది. అక్కడెవరో అమ్మకానికి పెట్టారట. కింద మావాడి గోల: "బాబాయ్, ఈ ఘోరం చూశావా? వెనకాల రెక్క పీకేశారు!"

చూశాను. నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

నా ఒరిజినల్ పిచ్చి మీకు కొత్త కాదు. పాత గడియారం డయలుకి కొత్త రంగు కొట్టించినవాళ్ళని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు దులిపేశానో లెక్క లేదు. టేకు ద్వారబంధానికి ఎనామిల్ పూయించిన మా ఎదురింటాయనకీ నాకూ ఇప్పటికీ మాటల్లేవు. అలాంటి నాకు, ఒక గొప్ప బండి నెత్తిన ఎవరో తర్వాత ఎక్కించిన బరువుని ఇంకెవరో దించేశారంటే పండగే కదా. "మంచి పని చేశారు" అని జవాబు కొట్టేశాను. మావాడు గంటసేపు మాట్లాడలేదు.

వాడి బాధ నాకు తెలుసు. బెజవాడలో వాడు పెరిగిన గదిలో మంచం ఎదురుగా గోడకి ఉన్నది ఆ బొమ్మే. బీసెంట్ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద శ్రీదేవి పోస్టరుకీ, బోసినవ్వుల పసిపాప పోస్టరుకీ మధ్యన వేలాడేది చూడండి, తలుపులు పైకి లేపుకుని, వెనకాల వెడల్పాటి రెక్కతో ఎర్ర కారు. అదేం కారో అమ్మేవాడికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు. కానీ ఆ రెక్క మాత్రం ఎవరూ మర్చిపోరు.

ఆ రెక్క ఎక్కడిదో చెప్పాలంటే ముందు అది లేని రోజుల్లోకి వెళ్ళాలి. 1971 జెనీవా మోటార్ షోలో పసుప్పచ్చటి నమూనా బండి ఒకటి జనాన్ని నోరు వెళ్ళబెట్టించింది. పేరు ఎల్‌పీ500. బెర్టోనే సంస్థలో మార్చెల్లో గాందీని గీసిన బొమ్మ అది. ముక్కు చివర మొదలైన గీత అద్దం మీదుగా కప్పు దాకా ఇంచుమించు ఒకే వాలులో పాకుతుంది. వెనక చక్రం మీది అంచు గుండ్రంగా ఉండదు, ఏటవాలుగా కోసినట్టుంటుంది. 2024 మార్చిలో గాందీని పోయినప్పుడు అందరూ తలుచుకున్నది ఆ ఏటవాలు కోతనీ, పైకి లేచే తలుపుల్నీ. ఆ బండిలో కూర్చుంటే వెనకేముందో దాదాపు కనపడదు. రివర్స్ చెయ్యాలంటే తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, మొండెం బయటికి వంచి వెనక్కి చూసుకుంటూ నడపాలి. అంత డబ్బు పోసి కొన్నవాళ్ళు అంత అవస్థ పడ్డారంటే ఆ గీతలో ఏదో ఉన్నట్టే.

1974లో ఎల్‌పీ400 పేరుతో అమ్మకానికి వచ్చేటప్పటికే కొంత మారింది. నమూనా బండి ఇంజిను ఊరికే వేడెక్కిపోయేది. అందుకని తలుపుల మీద గాలి లోపలికి పోయే గుంటలు తొలిచారు, భుజాల మీద పెట్టెల్లాంటివి లేపారు. అంటే గాందీని గీతకి మొదటి కత్తి పెట్టింది లాంబోర్గిని వాళ్ళే. అయినా బండి బండిలాగే ఉంది. రెక్క లేదు, చక్రాల మీద ఉబ్బిన రేకులు లేవు.

ఆ రెండూ ఒక కొనుగోలుదారుడి కోరికలు. వాల్టర్ వుల్ఫ్ అని, కెనడాలో స్థిరపడి చమురు వ్యాపారంలో గడించిన మనిషి. ఫార్ములా వన్‌లో సొంత జట్టు పెట్టి, 1977లో అర్జెంటీనాలో మొదటి రేసే గెలిపించుకున్నాడు. జోడీ షెక్టర్ నడిపాడు. అలాంటివాడికి ఫ్యాక్టరీ ఇచ్చిన కౌంటాష్ ఏం ఆనుతుంది? పిరెల్లీ కొత్తగా తెచ్చిన పీ7 టైర్లు కావాలన్నాడు. అవి అంత వెడల్పుంటే చక్రాల మీద రేకు చాలదు, ఉబ్బు అంచులు పెట్టాల్సి వచ్చింది. వెనక ఒక రెక్క కూడా వేయించాడు. చాసిస్ సంగతి చూసింది జాన్‌పావ్లో దల్లారా, లాంబోర్గినిలోనే పనిచేసి బయటికొచ్చిన ఇంజినీరు. ఫలితం ఎంత నచ్చిందో, 1978లో ఆ టైర్లు, ఆ అంచులతో ఫ్యాక్టరీయే ఎల్‌పీ400 ఎస్ అని అమ్మడం మొదలుపెట్టింది. రెక్క కావాలంటే అదనపు డబ్బు. పెట్టించుకుంటే బండి గరిష్ఠ వేగం గంటకి సుమారు పదిహేను కిలోమీటర్లు తగ్గిపోయేది. అయినా జనం డబ్బు కట్టి మరీ పెట్టించుకున్నారు!

ఇదంతా మావాడికి రాసి, "నువ్వు గోడకి అంటించుకున్నది ఎవరో మార్పించుకున్న బండిరా, ఒరిజినల్ కాదు" అన్నాను. వాడు ఊరుకుంటాడా? "మరి 1985లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఈ బండికి రెక్క ఉందిగా బాబాయ్. దీనికి ఒరిజినల్ ఏది? 1971లో గాందీని కాగితమా, 1985లో గేటా?"

ఇక్కడ నాకు మా పెదనాన్న ఫియట్ గుర్తొస్తోంది. "ఆ కారు రాకుండా మీ కాలమ్ ఒక్క ఏడాదైనా గడవదా?" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. గడవదండీ. పైగా ఈసారి దానికి హక్కుంది. అదీ ఇటలీ బండే. టోరినోలో పుట్టిన ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు తయారుచేసేవారు. తర్వాత్తర్వాత పద్మిని అయింది. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు. సూపర్ కారుకీ దానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. అయినా మా పెదనాన్న దాన్ని చూసుకున్న తీరు చూస్తే ఏ ఇటాలియన్ సేకర్తా పనికిరాడు. సీటు కవర్లు వద్దు, ముందు గార్డు వద్దు, సంగీతం హారన్ అసలే వద్దు. స్టీరింగు గేరు తీసి ఫ్లోర్ గేరు పెట్టించుకుంటున్న రోజుల్లో ఎవరన్నా ఆ మాటెత్తితే, "టోరినోలో ఇంజినీర్లకి తెలీదుటయ్యా?" అనేవాడు.

ఆ బండికి ఒకటే జబ్బు. మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డు మీద నాలుగు సిగ్నళ్ళు ఆగితే ఇక కదలదు. పెట్రోలు ఇంజిను వేడికి పైపులోనే ఆవిరైపోయి కార్బ్యురేటరు దాకా రాదు. డ్రైవరు బానెట్టు ఎత్తి, సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి, పెట్రోలు పంపుకి చుట్టి కూర్చోవాలి. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు మా అమ్మావాళ్ళు పట్టుచీరల్లో రోడ్డు పక్కన చెట్టు నీడ వెతుక్కోవడం నాకు బాగా గుర్తు.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉండేవాడు. బానెట్టు ఎత్తి, వేడి సెగ కొడుతుంటే వేలితో పైపు పొడుగునా తడుముకుంటూ వెళ్ళి, ఒకచోట చటుక్కున చెయ్యి తీసేశాడు. "ఇదిగోనండి, ఇక్కడ కాలుతోంది." ఒక డాల్డా డబ్బా రేకు కత్తిరించి, అంచులు సుత్తితో మడిచి, పైపుకీ వేడి గొట్టాలకీ మధ్యన అడ్డంగా నిలబెడతానన్నాడు. పెదనాన్న పాత పాటే ఎత్తుకున్నాడు, టోరినో ఇంజినీర్లు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "టోరినోలో మే నెల లేదు కదండీ" అన్నాడు.

రేకు పెట్టనిచ్చాడు పెదనాన్న. ఒక షరతు మీద, బండికి కొత్త బెజ్జం పడకూడదు. ఉన్న బోల్టుల కిందే ఇరికించి బిగించాడు మేస్త్రి. తీసేయాలంటే స్పానరు చాలు. బండి అమ్మేదాకా ఆ రేకు అక్కడే ఉంది. కొన్నాయనకి పెదనాన్న మొదట బానెట్టెత్తి చూపించింది దాన్నే.

ఆ మాటకొస్తే ఇటలీలో టోరినో ఇంజినీర్లకన్నా పెద్దవాళ్ళు చేసిన బండ్లకీ డాల్డా రేకులు కావాల్సి వచ్చాయి. కౌంటాష్‌కి ముందు వచ్చిన మియురా సంగతి చూడండి. 1966 నాటి బండి, గాందీని గీసిందే, చాలామంది లెక్కలో ఇప్పటికీ లోకంలోకెల్లా అందమైన కారు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్ని అడ్డంగా పడుకోబెట్టి, గేర్‌బాక్సుని దానితోనే కలిపి పోతపోశారు. రెంటికీ ఒకటే నూనె. గేర్ల పళ్ళు అరిగి రాలిన ఇనప రజను ఆ నూనెలో ఇంజిను బేరింగుల దాకా తిరుగుతుంది. చివర్లో వచ్చిన ఎస్‌వీ బండ్లలో ఫ్యాక్టరీయే ఆ రెండు నూనెలనీ విడగొట్టింది. ఇక వెబర్ కార్బ్యురేటర్లు. అవి రేసు కోసం పుట్టినవి. సిగ్నల్ దగ్గర బండి గురకపెడుతూ నిలబడితే పెట్రోలు చేరకూడని చోట చేరుతుంది. సీటు వెనకే ఇంజిను, ఇంజిను మీద పెట్రోలు. తగలబడిపోయిన మియురాలు ఒకటీ రెండూ కావు.

ఇప్పుడు ఒక పాత మియురా యజమాని నూనెలు వేరు చేయించి, పెట్రోలు గొట్టాలు మార్పిస్తే వేలంవాళ్ళ కేటలాగులో "ఒరిజినల్ కాదు" అని చిన్నక్షరాల్లో పడుతుంది. నన్నడిగితే ఒరిజినల్‌గా కాలిపోయిన మియురా కన్నా మార్చిన మియురాయే మేలు.

మరి ఆ కేటలాగువాళ్ళయినా ఆ మాట మీద నిలబడతారా అంటే అదీ లేదు. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఆర్‌ఎం సదబీస్ వేలంలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. అప్పటికి వేలంలో ఏ కారూ అంత పలకలేదు. దాని ఒంటి మీదున్నది పుట్టినప్పటి రేకు కాదు. రేసుల్లో వెనకబడకూడదని తర్వాత స్కాలియెట్టి వాళ్ళ దగ్గర 1964 తరహా బాడీ వేయించుకుంది. దాన్ని విప్పేసి 1962 రూపానికి తెమ్మని ఎవరూ అడగరు.

దానికన్నా వింత కథ బ్రెడ్‌వ్యానుది. 1961 చివర్లో ఎంజో ఫెరారీతో పేచీ పడి ముఖ్యమైన ఇంజినీర్లు బయటికొచ్చేశారు. వాళ్ళకి డబ్బు సాయం చేసినవాళ్ళలో కౌంట్ వోల్పి ఒకడు. ఆ కోపంతో ఎంజో వోల్పికి జీటీఓలు అమ్మనన్నాడు. వోల్పి తన దగ్గరున్న 250 జీటీని బిజ్జారీనికి అప్పగించాడు. ఆయన, జీటీఓ రూపకల్పన చేసిన మనిషే, ముక్కు దించి, కప్పు వెనక్కి సాగదీసి, తోకని నిట్టనిలువుగా కోసేశాడు. చూడ్డానికి రొట్టెల బండిలా ఉందని ఇంగ్లిషు పత్రికలవాళ్ళు ఆ పేరు పెట్టారు. 1962 లె మాన్స్ రేసులో జీటీఓల ముందు పరిగెత్తి, డ్రైవ్ షాఫ్టు విరిగి ఆగిపోయింది. ఇవాళ ఎవడైనా దాన్ని మామూలు 250 జీటీలా మార్చి "ఒరిజినల్ చేశాను" అంటే వాడిని మోదెనా ఊరి పొలిమేర దాకా తరుముతారు.

మన సర్కారు వారి దృష్టిలో ఈ గొడవే లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద తయారీదారు ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2021లో వింటేజ్ బండ్లకి నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు నిండి, అసలు రూపంలో, పెద్ద మార్పుల్లేకుండా ఉంటేనే ఆ గౌరవం. పెదనాన్న ఫియట్ ఎక్కడుందో గానీ, ఉంటే ఇప్పటికి వయసు సరిపోతుంది. డాల్డా రేకు పెద్ద మార్పో చిన్న మార్పో ఆర్టీవో గారు తేల్చాలి.

మళ్ళీ ఆ ఎర్ర బండి ఫొటో పెద్దది చేసి చూశాను. చక్రాల మీద ఉబ్బు రేకులు ఉన్నాయి, వెడల్పు టైర్లు ఉన్నాయి, అమెరికా నిబంధనల కోసం తగిలించిన మొద్దు బంపరు మాత్రం లేదు. వెనక, రెక్క కాళ్ళు దిగే చోట బెజ్జాలు పూడ్చి రంగు కొట్టారు. ఎండ పడ్డచోట ఆ ఎరుపు పక్క ఎరుపుతో కలవడం లేదు. ప్రకటనలో ఏం రాశారో మావాడిని అడిగాను. "గాందీని ఊహించిన అసలు రూపంలో" అని రాశారట. అక్కడ కాలింది నాకు. గాందీని ఊహలో ఆ ఉబ్బు అంచులు ఎక్కడివి? ఈ బండి 1971కి వెళ్ళలేదు, 1985లోనూ నిలవలేదు. అడిగినవాడికి లప్పం కింద దాచిన బెజ్జాలు చూపించే ఉద్దేశం కూడా అమ్మేవాడికి ఉన్నట్టు లేదు. ఆ రెక్క నాకిప్పటికీ నచ్చదు. అయినా అది దానిది. తెచ్చి పెట్టెయ్యమన్నాను.

మావాడు ఎగిరి గంతేశాడు. వెంటనే ఇంకోటి అడిగాడు: "అయితే కొత్త ఎల్‌పీ500 సంగతేంటి బాబాయ్?" జెనీవాలో నిలబెట్టిన ఆ పసుప్పచ్చ నమూనాని 1974లో క్రాష్ టెస్టుకి బలిచ్చేశారు. ఒక సేకర్త అడిగితే లాంబోర్గినిలో పాత బండ్లు చూసే విభాగం, పోలో స్తోరికో, పాత ఫొటోలూ కాగితాలూ పెట్టుకుని 25,000 గంటలకు పైగా కష్టపడి దాన్ని మళ్ళీ కట్టింది. 2021లో చూపించారు. పాత బండి బోల్టు ఒక్కటి కూడా అందులో లేదు. మావాడు దాన్ని నకిలీ అంటాడు. నాకు మాత్రం అభ్యంతరం కనపడలేదు. కొత్తగా కట్టామని కట్టినవాళ్ళే చెప్పుకున్నారు కదా. టైర్లు కూడా పిరెల్లీ వాళ్ళు పాత అచ్చులోనే చేసిచ్చారు, 1971 నాటి గాళ్ళతో సహా. లోపలి రబ్బరు మాత్రం ఈనాటిది. ఈ సంగతి మావాడికి ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం చూద్దాం.