గెలిచింది ఏ చెయ్యి?

మా క్లినిక్‌లో టెన్నిస్ ఆటగాడంటే లెక్కల మాస్టారే. పక్షవాతంతో ఆయనకు కుడివైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది, ఇప్పుడు చేతి కోసం వస్తున్నారు. టీవీ తెర మీద ఆయన బొమ్మ ఎదుటి బొమ్మను చిత్తుగా ఓడిస్తుంటే వాళ్లావిడ వెనక బెంచీ మీద కూర్చుని మురిసిపోతుంది. నేను తెర చూడను, ఆయన వీపు చూస్తాను. బంతి వచ్చినప్పుడల్లా నడుము దగ్గర్నుంచి ఒళ్లంతా విసురుతున్నారు. భుజం చెవి దాకా లేస్తోంది. మోచెయ్యి కడుపుకు అతుక్కున్నది అతుక్కున్నట్టే ఉంది. పాయింట్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

ఆయన మోసం చేస్తున్నారని కాదు. ఆయన ఆడేది నింటెండో వాళ్ల 'వీ' అనే వీడియో గేము. దాని రిమోట్‌లో ఉన్నది ఊపును పసిగట్టే చిన్న సెన్సర్. ఆ ఊపు భుజం నుంచి వచ్చిందో, మణికట్టు విదిలిస్తే వచ్చిందో, నడుము తిప్పితే వచ్చిందో దానికి తెలిసే దారి లేదు. సోఫాలో వెనక్కి వాలిన పిల్లలు మణికట్టుతోనే ఈ ఆట గెలిచేస్తారు. అందుకని మాస్టారి ఛాతీని కండువాతో కుర్చీ వీపుకు కట్టాను. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు, నడుము సాయం లేకుండా చేతికి పని చెప్పడానికి ఫిజియోలు వాడే పద్ధతే. పాయింట్లు ఒక్కసారిగా పడిపోయాయి. మాస్టారికి కోపమొచ్చింది. "ఇదేం ఆటమ్మా, కట్టేసి ఆడమంటావు?" అన్నారు. మోచెయ్యి కడుపును వదిలి ముందుకొచ్చిన దెబ్బలనే లెక్కపెడతానని ఒప్పందం చేసుకున్నాం. తెర తన లెక్క తను వేసుకుంటుంది, పక్కనే నేను పలక మీద గీతలు గీస్తాను.

ఇంత తంటా ఎందుకు, మామూలు ఎక్సర్‌సైజులు చేయించవచ్చుగా అంటారు తోటి ఫిజియోలు. అవీ చేయిస్తాను. బల్లకు ఇటున్న ప్లాస్టిక్ గ్లాసులు అటు పేర్చడం, గోడ మీది ఫింగర్ ల్యాడర్ మీద వేళ్లు పాకించడం, కప్పీ తాడు లాగడం, అన్నీ ఉన్నాయి. ఇరవై దాటేసరికి మనిషి గడియారం వంక చూస్తాడు. ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు. క్యాథరీన్ లాంగ్ బృందం 312 థెరపీ సెషన్లు దగ్గరుండి గమనించి, 2009లో ఆ లెక్క అచ్చు వేసింది. చేతితో పనికొచ్చే కదలికలు సెషన్‌కు సగటున 32. జంతువుల మీద చేసే ప్రయోగాల్లో ఒక్క రోజులోనే వందల కొద్దీ చేయిస్తారు.

ఆ ప్రయోగాల్లో పేరుమోసినది రాండాల్ఫ్ నూడో 1996లో ప్రకటించినది. స్క్విరల్ మంకీ అనే చిన్న కోతుల మెదడులో, చేతిని నడిపే భాగంలో కొంత దెబ్బతీశారు. తర్వాత చిన్న చిన్న గుంటల్లో తిండి గుళికలు వేసి, ఆ చేతి వేళ్లతోనే మళ్లీ మళ్లీ ఏరుకునేలా చేశారు. మిగిలిన చేతి భాగం కుంచించుకుపోకుండా నిలబడింది. కొన్నిటిలో పక్కనున్న మోచెయ్యి, భుజం భాగాల్లోకి కూడా పాకింది. ఆ గుంటల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఆట చేసే మేలు నాకు తెలిసి ఒక్కటే. లెక్క మరిపిస్తుంది. గ్లాసులు పేర్చమంటే ముప్పైకి అలిసే మనిషి, బంతి వస్తోందంటే రెండొందలసార్లు చెయ్యి ఎత్తుతాడు. 2006 చివర్లో వీ బజారులోకి రాగానే అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో ఫిజియోలు దాన్ని వార్డుల్లోకి మోసుకెళ్లింది ఇందుకే. అది రోగుల కోసం చేసిన వస్తువు కాదని మొదటి రోజే తెలుస్తుంది. బౌలింగ్ ఆటలో రిమోట్ అడుగున మీట నొక్కి పట్టుకుని, చెయ్యి ఊపి, సరైన క్షణాన వదలాలి. పక్షవాతం వచ్చిన చేతికి పట్టు త్వరగా వస్తుంది, వదలడమే ఓ పట్టాన రాదు. బంతి చేతికి అతుక్కుపోయి తెర మీద మనిషి అలాగే నిలబడిపోతాడు. టెన్నిస్‌లో ఆ గొడవ లేదు, ఊపితే చాలు. రిమోట్ జారకుండా చేతికి క్రేప్ బ్యాండేజీ చుడతాం. జారిపోయే భుజమున్న వాళ్లకు టెన్నిస్ అసలివ్వను. 2007లోనే ఒక వైద్య పత్రికలో, గంటల తరబడి ఈ టెన్నిస్ ఆడి, పొద్దున్నే భుజం నొప్పితో లేచిన 29 ఏళ్ల జూనియర్ డాక్టరు కథ వచ్చింది. దృఢంగా ఉన్న భుజం గతే అదైతే, మా వాళ్ల సంగతి చెప్పాలా?

నాకు అన్నిటికంటే నచ్చింది వీకి జతగా వచ్చిన బ్యాలెన్స్ బోర్డు. రెండంగుళాల ఎత్తున్న పీట. నాలుగు మూలలా బరువు తూచే సెన్సర్లు. ఒకవైపు పడిపోయిన మనిషి నిలబడితే బరువంతా మంచి కాలు మీదే వేస్తాడు, పైగా నిటారుగానే నిలబడ్డానని ప్రమాణం చేస్తాడు. "అటు వాలండి బాబాయిగారూ" అని ఎంత చెప్పినా, "వాలానుగా" అంటాడు. పీట ఎక్కించి తెర మీద ఎర్ర చుక్క చూపిస్తే మాటలతో పని లేదు. ఎడమవైపు పడిపోయిన మనిషికి చుక్క ఎక్కడో కుడి అంచున ఉంటుంది. దాన్ని మధ్యకు తేవాలంటే చచ్చినట్టు ఎడం కాలు మీద బరువు మోపాలి. కాకపోతే ఈ పీటకు నోటి దురుసు ఎక్కువ. మనిషి లావుంటే ముఖం మీదే చెప్పేస్తుంది, నిలకడ లేకపోతే వయసు పెంచి చూపిస్తుంది. అప్పుడే మంచం దిగిన మనిషికి ఆ ముచ్చట్లు అవసరమా? ఆ పేజీలు రాకముందే నేను ముందుకు నొక్కేస్తాను. ఎదురుగా వాకర్, వెనక నేను, నడుముకు బెల్టు ఉంటే తప్ప ఎవర్నీ ఎక్కించను.

ఇక అసలు పరీక్ష. టొరంటోలో గుస్తావో సపోస్నిక్ బృందం 2010లో 22 మందితో చిన్న పరిశోధన చేసి, వీ ఆడిన వాళ్ల చేతులు బాగా వేగం పుంజుకున్నాయని చెప్పింది. పత్రికలన్నీ రాశాయి. అదే బృందం కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయ్‌లాండ్‌లలో 141 మందితో పెద్ద పరిశోధన చేసి 2016లో ఫలితం ప్రకటించినప్పుడు అంత సందడి లేదు. స్ట్రోక్ వచ్చి మూడు నెలలు దాటని వాళ్లందరికీ మామూలు ఫిజియోథెరపీ ఇచ్చారు. దానికి తోడు రెండు వారాల్లో పది గంటలు సగం మంది వీ ఆడారు, మిగతా సగం పేకాట, బింగో, చెక్క దిమ్మెలు పేర్చే జెంగా లాంటివి ఆడారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి. తేడా లేదు. 72 పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్షదీ దాదాపు ఇదే మాట. మామూలు థెరపీకి బదులుగా పెడితే చేతి పనిలో వీడియో గేముకు ప్రత్యేక లాభం కనపడలేదు. దానికి అదనంగా పెట్టి మొత్తం సాధన సమయం పెంచితే కొంత ఉపయోగం ఉండవచ్చు.

చాలామంది దీన్ని వీడియో గేము ఓటమిగా చదివారు. నాకు పేకాట గెలుపుగా కనిపించింది. ఇంట్లో ఉన్న పేక మీద మాత్రం ఎవరికీ నమ్మకం కుదరదు. మా దగ్గరకొచ్చే వాళ్లలో సగం మంది మొదటి నెలలు పసర్లకూ, పావురం నెత్తురు మర్దనకూ పోగొట్టుకుని వస్తారు. మిగతా సగానికి అమెరికాలో ఉన్న అబ్బాయి కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ పంపిస్తాడు. అబ్బాయి ప్రేమను కాదనను. కానీ ఎడమవైపు ప్రపంచమే గమనించలేని మనిషికి, నిలబడితే తూలే మనిషికి కళ్లు మూసే పెట్టె తగిలించి ఒంటరిగా గదిలో వదలొద్దని ఫోన్ చేసి మరీ చెబుతాను. దాని బదులు ఒక పేక దస్తా చాలు. ముక్కలు పంచేది, వేసేది, ఏరేది పడిపోయిన చెయ్యే కావాలి.

రోగుల కోసమే చేసిన ఆటలు లేకపోలేదు. జాన్స్ హాప్‌కిన్స్‌లో జాన్ క్రాకవర్ బృందం తెర మీద డాల్ఫిన్‌ను చేతి కదలికలతో ఈదించే ఆట చేసింది. భుజం, మోచెయ్యి అన్ని దిక్కులా తిరిగితేనే అది చేపను పడుతుంది. దాన్ని అంతే సమయం ఇచ్చిన మామూలు థెరపీతో పోల్చి చూశారు. అక్కడా సమానమే. విశేషమేమిటంటే, ఆసుపత్రుల్లో మామూలుగా దొరికే కొద్దిపాటి థెరపీ పొందిన పాత రోగుల కంటే రెండు గుంపులూ మెరుగ్గా ఉన్నాయి. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్ అండతో ఎదిగిన బీఏబుల్ హెల్త్ వాళ్ల ఆర్మేబుల్ ఉంది. బల్ల మీద చెయ్యి జరుపుతూ తెర మీద ఆటాడతారు. ఇలాంటివి జిల్లా ఆసుపత్రి దాకా రావాలి. వీ తయారీ 2013లో, కదలికలతో ఆడే అలాంటి మరో పరికరం కినెక్ట్ తయారీ 2017లో ఆగిపోయాయి. బజారు ఆటబొమ్మల మీద ఆధారపడితే మా గతి సెకండ్ హ్యాండ్ దుకాణాలే.

గుంటల సంగతి చెబుతానన్నాను కదా. ఆ కోతుల గుంటల గురించి చదివినప్పటి నుంచి మా క్లినిక్‌లో వామనగుంటల పీట ఒకటి ఉంది. గుంటలోంచి చింతగింజలన్నీ తీయాలంటే వేళ్లు కలవాలి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ విడవాలంటే వేళ్లు తెరుచుకోవాలి. బౌలింగ్ మీట దగ్గర మావాళ్లకు రాని పని సరిగ్గా అదే. కుడివైపు పడిపోయిన ఒకావిణ్ని, ఎడమవైపు పడిపోయిన ఒకాయన్ని పీటకు అటూ ఇటూ కూర్చోబెడతాను. మంచి చెయ్యి ఒళ్లోంచి పైకొస్తే ఆ ఆట పోయినట్టే. నిన్న ఆయన చెయ్యి పైకొచ్చింది. "చూశారా డాక్టరమ్మా, మంచి చేత్తో తీశాడు!" అని ఆవిడ. "పడిపోతున్న గింజను పట్టుకున్నానంతే!" అని ఆయన. గింజలన్నీ మళ్లీ గుంటల్లో వేసి మొదట్నుంచి ఆడమన్నాను. ఇద్దరికీ నా మీద కోపమొచ్చింది.