జపానుల లిపియు వర్ణక్రమమును

జపానుల యక్షరములు సంస్కృతలిపినుండి పుట్టినవని మనవారిలో గొందఱు వచించుట కలదు. ఇందు లిపి, వర్ణక్రమము అను రెండు వేఱు విషయములు కలిసిపోయినవి. వానిని విడదీసి పరిశీలింపవలెను.

ఆకృతివిషయమున ఋణము చీనాదే. 8వ శతాబ్దమున సంకలితమైన ‘మన్యోషూ’ పద్యసంగ్రహమున చీనాలిపిచిహ్నములు, అర్థమును విడిచి, ధ్వనిమాత్రమునకై విరివిగా వాడబడినవి. వానినే త్వరితముగా వ్రాయుటచే పిమ్మట ‘హిరగన’ యేర్పడెను. బౌద్ధభిక్షువులు చీనాగ్రంథముల పంక్తుల ప్రక్క నుచ్చారణమును గుర్తించుటకై వాని యవయవములను మాత్రము గ్రహింపగా ‘కతకన’ పుట్టెను. 804లో చీనాకేగి సంస్కృతలిపి నభ్యసించిన కూకై భిక్షువు వీనిని సృష్టించెనను నైతిహ్యమునకు ఈ క్రమపరిణామమే బాధకము.

ఇక వర్ణక్రమము. అ, ఇ, ఉ, ఎ, ఒ యనునవి యచ్చులు. క, స, త, న, హ, మ, య, ర, వ యనునవి హల్లులు. సిద్ధలిపి నభ్యసించిన భిక్షువులమూలమున నేర్పడిన యీ క్రమము 11వ శతాబ్దమునుండి గ్రంథములయందు గానవచ్చుచున్నది. కంఠమునుండి యోష్ఠములదాక మన శిక్షాకారులు చెప్పిన స్థానక్రమమే యిది. చవర్గస్థానమున సకారము నిలిచినది, తుదను అంతస్థములున్నవి.

అయిన నకారమకారముల నడుమ కంఠ్యమైన హకార మేల? ఇది కూర్చినవారి ప్రమాదమని తొలుత నేనును దలచితిని. కాని మనకు ద్రుతముమీది పరుషములకు సరళములు వచ్చినట్లే, ఆ భాషయందు సమాసములలో నుత్తరపదాదిని పెక్కుచోట్ల సరళములు వచ్చును: కకారమునకు గకారము, తకారమునకు దకారము, హకారమునకు బకారము. ‘హితో’ యనగా మనుష్యుడు. అది యామ్రేడితమై ‘హితోబితో’ యైనచో జనులని యర్థము. బకారమునకు పరుషము పకారమేకాని హకారము కాదు. కావున నా హకారము పూర్వము పకారమై యుండవలెను. భాషాశాస్త్రజ్ఞులును అట్లే నిర్ణయించిరి. క్రమము కూర్చబడిన నాటికిని అది పెదవులతో బలుకు ధ్వనియే. పిదప పలుకు మాఱినది; స్థానము మాఱలేదు. దోషమనుకొన్నదే సాక్ష్యమైనది.

1900లో జపాను ప్రభుత్వము పాఠశాలలకై యొక్కొక్క ధ్వనికి నొక్కొక్క యక్షరమును స్థిరపఱచెను. నేటి నిఘంటువులు సామాన్యముగా నీ క్రమమునే యనుసరించుచున్నవి.

లేని ఋణమును వసూలుచేయబూనినవాని మాట యున్న ఋణమునకును చెల్లదు. లిపిని చీనాకు విడిచి, వర్ణవిభాగమును మాత్రమే మనదని చెప్పికొందము. శిక్షాశాస్త్రమునకు అంతకంటె గౌరవ మక్కఱలేదు.