ముందే చెప్పిన నష్టం

అగ్రిమెంటు రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చివర ఒక మాట ఉండాలని పట్టుబడతారు: "తప్పితే తదుపరి పరిణామాలన్నింటికీ మీరే బాధ్యులు." అది ఉంటే వాళ్లకు కొండంత ధైర్యం. కోర్టులో మాత్రం దానికి అంత బలం లేదు. ఒక్క తప్పు వెనక నష్టాలు ఎంత దూరమైనా సాగుతాయి. చట్టం ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది. ఆ గీత ఎక్కడ పడుతుందో చూసుకుని రాయడమే మా వృత్తిలో అసలు పని.

ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో ఒక పిండిమిల్లు ఆవిరి ఇంజను క్రాంక్ షాఫ్ట్ విరిగింది. కొత్తది చేయించడానికి విరిగినదాన్నే నమూనాగా గ్రీనిచ్‌కు పంపారు. రవాణాలో ఆలస్యమై మిల్లు మరికొన్ని రోజులు ఆగింది. పోయిన లాభం ఇప్పించమని యజమానులు దావా వేశారు. 1854లో వచ్చిన ఆ తీర్పే హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్. మిల్లులో ఇంకో షాఫ్ట్ ఉండి ఉండవచ్చు. ఇది లేకపోతే మిల్లే ఆగుతుందని రవాణాదారుకు ఎలా తెలుస్తుంది? అందుకే ఆ లాభాన్ని అతని మీద వేయలేమన్నారు న్యాయమూర్తులు.

మన 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్‌దీ ఇదే దారి. మాట తప్పితే మామూలుగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం ఇప్పిస్తుంది. దూరపు నష్టాలు ఇప్పించదు. ఆ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఉంది. యంత్రం లేక మిల్లు ఆగిందని చెప్పి రవాణాకు ఇస్తే, ఆలస్యమైన రోజులకు సగటు లాభం వస్తుంది. ఆ ఆలస్యంలో చేజారిన సర్కారు కాంట్రాక్టు నష్టం మాత్రం రాదు.

అందుకే ముందుగా అడుగుతాను: "సరుకు సమయానికి రాకపోతే మీకేం పోతుందండీ? ఆ సంగతి అవతలివాళ్లకు చెప్పారా?" పెళ్లి ముహూర్తమైనా, ఓడ బయల్దేరే తేదీ అయినా కాగితం మీదికి రావాలి. భయపెట్టడానికి పెద్ద అంకె వేసినా లాభం లేదు. 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పైహద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది దానిలోపు సమంజసమైన పరిహారమే. నష్టం తగ్గించుకునే దారి ఉండి కూడా చేతులు కట్టుకుని కూర్చుంటే, అదీ లెక్కలోకి వస్తుంది.

ఈ నియమం నష్టపోయినవాడికి కఠినంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో ధర్మం కనిపిస్తుంది. ముందే చెబితే అవతలి మనిషి ధర పెంచుకుంటాడు, బీమా చేయించుకుంటాడు, లేదా ఈ పని నావల్ల కాదంటాడు. ఆ అవకాశం ఇచ్చినవాడికే తర్వాత నష్టం అడిగే హక్కు గట్టిగా నిలుస్తుంది.