కొల్లేటి గట్ల మీద ఒక పూట

గుండుగొలను దగ్గర జాతీయ రహదారి రెండుగా చీలుతుంది. ఒకటి తాడేపల్లిగూడెం వైపు, ఇంకొకటి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు. కారులో పోయేవాళ్లకు ఈ రెండే తెలుసు. దక్షిణంగా ఆగడాలలంక వైపు దిగే దారి కాలినడక వాళ్లది. విజయవాడ హోరుతో విసిగినవాళ్లు తెల్లవారుజామునే ఏలూరు చేరి, పల్లెవెలుగు బస్సెక్కి గుండుగొలనులో దిగితే చాలు, ఒక పూటంతా కొల్లేరు సరస్సుది.

కొల్లేటి లంక గ్రామాలవాళ్లకు ఈ నడక తాతల నాటిది. వానాకాలం దోనె, నీళ్లు తీశాక కాళ్లు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకూ ఆ ఊళ్లవాళ్లు అలాగే వెళ్లేవారు. వాళ్ల నడకలో మెలకువలున్నాయి, నేర్చుకోదగ్గవి.

మొదటిది మట్టిని చూడటం. ఇక్కడిది నల్లమట్టి. మోటారు సైకిళ్లు తిరిగి నున్నబడిన గట్టు నడుమ, మంచు పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. పక్కన గరిక ఉన్నచోట అడుగెయ్యాలి. అలాగని నీటివైపు అంచుకు పోకూడదు. అలల తాకిడికి కింద మట్టి కరిగిపోయి పైన గడ్డి మాత్రమే మిగిలుంటుంది. అడుగు పడగానే కూలుతుంది. చేతికర్రతో ముందు తట్టుకుంటూ నడిస్తే పాములు తప్పుకుంటాయి.

రెండోది అడగటం. చేపల చెరువుల గట్లన్నీ ఒకదానితో ఒకటి కలవవు, కొన్ని కాలువ దగ్గర తెగిపోతాయి. "ఈ గట్టు ఎందాకా పోద్దండీ?" అని చెరువు కాపలా మనిషిని అడగాలి. "ఎవరి తాలూకండీ మీరు?" అని ఆయన ఎదురడుగుతాడు. నిలబడి చెప్పాలి. అది ఇక్కడి మర్యాద, దారి కూడా అప్పుడే సరిగ్గా దొరుకుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకుని నడిస్తే పక్షుల రంగులు తేలతాయి. ఎర్రకాళ్ల కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, ఒక కాలితో అడుగు బురద కదుపుతుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. అది చూడాలంటే కదలకుండా నిలబడే ఓపిక కావాలి. గూడబాతులకు ఈ ప్రాంతం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో వాటి గూళ్లను గమనించిన కె.కె. నీలకంఠన్, 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వాటి గురించి రాశారు.

ఇంత అందంలోనూ మనసు కలుక్కుమంటుంది. మనం నడిచే గట్లలో చాలావాటిని సరస్సును ముక్కలు చేసి చేపల చెరువులకు వేశారు. 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడినేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చాయి. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టించింది. తర్వాత కొన్నిచోట్ల మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే నీటికి సముద్రం దాకా దారి ఒక్క ఉప్పుటేరే. మధ్యలో కట్టిన ప్రతి గట్టూ ఆ నీటికి అడ్డం. కారు అద్దంలోంచి చూస్తే ఇదంతా మెరిసే నీళ్లే. గుర్రపుడెక్క పట్టి కదలని కాలువను, పక్కనే ఏరేటర్లు తిరిగే రొయ్యల చెరువును, వాటి నడుమ కిక్కిస పొద మిగిలిన పాత కొల్లేటిని విడివిడిగా గుర్తుపట్టాలంటే నడవాల్సిందే. అందుకే ఈ నడకను నేను ఉత్త కాలక్షేపం అనుకోను. సరస్సు గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఒక్కసారైనా నడవాలి.

తాగే నీళ్లు, ఒక తువ్వాలు, పెరుగన్నం వెంట ఉంచుకోవాలి. తెచ్చిన ప్లాస్టిక్ వెనక్కి తీసుకెళ్లాలి. గట్ల మీద నీడ ఉండదు, ఎండ ముదరకముందే వెనుదిరగాలి. ఆటపాక గూడబాతుల గూళ్లను ఇదే రోజు కలపొద్దు. అది కైకలూరు వైపు నుంచి వెళ్లి, పడవెక్కి తీరిగ్గా చూడాల్సిన చోటు.